గోడకు నోరొచ్చిన ఎండాకాలం

మా మామయ్య పోయారన్న కబురు మంగళవారం పొద్దున వచ్చింది. బియ్యం కడిగి ఎసట్లో పోయబోతుంటే ఫోన్ మోగింది. ఖమ్మం దవాఖానా నుంచి మా ఆయన. "నాయన పోయిండే" అన్నాడు. మళ్లీ తనే, "నిద్రల్నే పోయిండు. ఆయాసం రాలే. అమ్మ పక్కనే ఉన్నది" అన్నాడు.

చదివేవాళ్లు తప్పుగా అనుకోవద్దు. ఆ మాట వినగానే నాకు ముందు గుండెల మీది బరువు దిగినట్టయింది. ఏడుపు తర్వాత వచ్చింది. చలికాలం మొదలైనప్పటి నుంచి ఆయన నడుం వాల్చలేకపోయారు. మంచం మీద కూర్చుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద తల ఆనించి ఊపిరి కోసం పెనుగులాడేవారు. వంటింట్లో ఉన్నా ఆ చప్పుడు నాకు వినపడేది. అది ఆగాలని ఎన్నోసార్లు మొక్కుకున్నాను. ఎట్లా ఆగాలో మాత్రం దేవుడికి చెప్పలేదు. చివరికి ఆయన దిండు తలకింద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, నిద్రలో పోయారు. అంతే చాలనిపించింది.

పొయ్యి ఆర్పేశాక గుర్తొచ్చింది, ఆ రోజు మంగళవారమని. ఒకప్పుడైతే ఆ ఒక్క మాటకే నాకు భయం పట్టుకునేది. ఆ పొద్దున పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదో చెప్పాలంటే మామయ్య గురించి చెప్పాలి.

ఆయన పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. భద్రాచలం రోడ్డు పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. మా వాకిట్లో నిలబడితే ప్లాంటు చిమ్నీలు, వాటి కొసన ఎర్ర దీపాలు కనిపిస్తాయి. ఉద్యోగం అయిపోయినా షిఫ్టు ఆయన ఒంట్లోంచి పోలేదు. పొద్దున మొదటి షిఫ్టు వేళకు లేచి, టీ నిలబడే తాగేవారు. కూర్చుని తాగవచ్చు కదా అని అత్తమ్మ అంటే, "బస్సు పోతదే" అనేవారు.

పంచాంగం చూడటం ఆయనకు వాళ్ల నాన్న నుంచి వచ్చింది. బోరు వేయడానికి, మోటారుసైకిల్ కొనడానికి, పిల్లలకు చెవులు కుట్టించడానికి కాలనీవాళ్లు వచ్చి మంచి రోజు అడిగేవారు. వచ్చినవాళ్లకు రోజు చెప్పి, మంచినీళ్లు ఇచ్చి పంపేవారు. ఫలానా రోజు చెడ్డదా అని అడిగితే మాత్రం చెప్పేవారు కాదు. "పంచాంగం మంచి రోజు చూసుకోనీకి. చెడ్డరోజు ఎతుక్కోనీకి కాదు" అనేవారు.

నేను దమ్మపేట దగ్గర పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. ఏడో తరగతితో బడి మానేశాను. మా అమ్మ నాకు చెప్పి పంపిన మాట ఒక్కటే, మామగారి ఎదుట పడకు, ఎదురు మాట్లాడకు అని. అసలే నాకు నోరు లేదు. ఆ మాటతో పూర్తిగా మూతపడింది. మామయ్య వసారాలో కూర్చునేవారు. వసారాకు, వంటింటికి మధ్య ఒక గోడ. టీ అయితే గ్లాసు తెచ్చి గడప మీద కొంచెం చప్పుడయ్యేట్టు పెట్టి లోపలికి వచ్చేసేదాన్ని. ఆ చప్పుడే నా మాట.

ఆయన నా పద్ధతిని కాదనలేదు. నాకు చెప్పాల్సింది గోడకు చెప్పేవారు.

"గోడా, ఇయ్యాల చారు మస్తుగున్నదే."

"గోడా, రేపు మా దోస్తు వస్తుండు. ఇంకో గ్లాసెడు బియ్యం ఎక్కువ పొయ్యాలె."

అత్తమ్మ నవ్వేది. "నీకు పిచ్చి ముదిరింది. గోడతోటి ముచ్చటేంది?"

"గోడలకు చెవులుంటయంటరు గదనే. మన గోడకు నోరు గూడ వస్తదేమో చూద్దాం."

నేను గోడ వెనక పమిట నోట్లో కుక్కుకుని నవ్వుకునేదాన్ని. అట్లా ఏడాది గడిచింది. ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

మా ఆయన అప్పట్లో సైన్సు వ్యాను నడిపేవాడు. హైదరాబాద్‌లోని ఒక సంస్థ వాళ్లది ఆ బండి. ఇల్లందు నుంచి భద్రాచలం అవతల అడవి పల్లెల దాకా, బడి బడికీ తిరిగి పిల్లలకు ఆట చూపించాలి. వ్యానులో ఒక కంప్యూటరు, దానికి తీగతో కట్టిన బరువైన టోపీ ఉండేవి. టోపీ పెట్టుకుంటే కళ్లు పూర్తిగా మూసుకుపోతాయి. లోపల కళ్లకు ఎదురుగా చిన్న తెరలు. తల ఎటు తిప్పితే అటు ఆకాశం. సూర్యుడి నుంచి బయలుదేరి ఒక్కో గ్రహం మీద దిగుతూ పోవాలి. ఒక్కోచోట ఒక ప్రశ్న అడుగుతుంది. సరిగ్గా చెబితే ఇంధనం వచ్చి బండి ముందుకు పోతుంది. తప్పు చెబితే 'డుబ్'మని భూమి మీద పడుతుంది. తెలుగు బడుల కోసం చేసిన ఆట కాబట్టి అన్నీ తెలుగు అక్షరాలే.

దాన్ని వర్చువల్ రియాలిటీ అంటారని మా ఆయన చెప్పాడు. "అంటే ఏందిరా?" అని మామయ్య అడిగారు.

"లేనిదాన్ని ఉన్నట్టు చూపించేది నాయనా."

"గంతేనా. మా అక్కకు పుట్టినప్పటి సంది ఉన్నది ఆ టోపీ."

ఆ అక్క మా సత్తుపల్లి పెద్దత్తమ్మ. మామయ్య కంటే పెద్దది, ఆయన కంటే గట్టిది. సత్తుపల్లి వైపు ఇచ్చారు కాబట్టి మాట కొంచెం కోస్తా మాట. నా కథంతా ఆమెతోనే ముడిపడింది.

మా పెళ్లయిన మొదటి వానల్లో, దమ్మపేట వైపు నుంచి వస్తూ మా ఆయన వ్యాను రోడ్డు దిగి పొలంలో పడింది. నుదుటికి కుట్లు పడ్డాయి, అంతే. కానీ పెద్దత్తమ్మ వచ్చి నేను పుట్టిన వేళ అడిగింది. మా అమ్మకు కాస్త అటూ ఇటూగా తెలిసిన వేళ అది. దాన్ని తీసుకుపోయి వాళ్ల ఊళ్లో చూపించింది. కుజ దోషమన్నారు. నా జాతకంలో ఎనిమిదో ఇంట్లో కుజుడు కూర్చున్నాడట. అట్లాంటి పిల్లను చేసుకుంటే మగడికి ప్రాణగండమట.

ఆమె మామయ్యను నిలదీసింది. "నువ్వు పంచాంగం చూసేవాడివే కదరా. ఏంటిది?"

మామయ్య వేళ్ల మీద లెక్కవేసుకున్నారు. "లెక్క తప్పేం గాదక్కా. గా వేళకే పుట్టిందంటే గట్లనే వస్తది."

ఆయన అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఆ రోజు గోడ వెనక కూర్చుని అనుకున్నాను.

"అయితే వీడికి ఇరవై ఎనిమిది నిండేదాకా పిల్లని పుట్టింట్లో ఉంచండి. ఆ తర్వాత దోషం పోతుందంటున్నారు. బతికుంటే కాపురం ఎప్పుడైనా చేసుకోవచ్చు."

మామయ్య, అత్తమ్మ ఇద్దరూ వద్దన్నారు. మా ఆయన తల దించుకుని వద్దన్నాడు. పెద్దవాళ్ల ముందు అంతకంటే గట్టిగా అనడం అతనికి రాదు. మాటకు మాట పెరిగి, నెలల తరబడి సాగి, చివరికి ఎండాకాలం సెలవుల దగ్గర ఆగింది. సెలవుల్లో వ్యాను ఎటూ పోదు కాబట్టి గండం లేదు. బడులు తెరిచేలోపు నన్ను పంపేయాలి. తనే వచ్చి తీసుకుపోతానంది పెద్దత్తమ్మ.

ఎవరూ అడగనిది ఒకటుంది. పోవాలని నాకే ఉండేది. అతను ఎక్కడో అడవి దారిలో పోతుంటే ఇక్కడ నా గదిలో నేను ఊరికే కూర్చున్నా అతనికి కీడు చేస్తున్నట్టే అనిపించేది. పొద్దుగూకితే బండి చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని. మంగళవారం అతను బయలుదేరుతుంటే ఎదురు వచ్చేదాన్ని కాదు, వెనకనుంచి చూసేదాన్ని కూడా కాదు. సంచి సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాను. అత్తమ్మ ఊడుస్తూ ఆ సంచిని చూసింది. చీపురుతో దాని చుట్టూ ఊడ్చింది కానీ దాన్ని ముట్టుకోలేదు.

ఎండాకాలం వచ్చింది. వ్యాను మా వాకిట్లో, రేకుల నీడలో ఆగింది. ఎండకు యంత్రం పాడవకుండా రోజూ కాసేపు నడపాలట. మా ఆయన సెలవుల్లో ఒక మెకానిక్ షెడ్డులో పనికి పొద్దున్నే పోయేవాడు. ఆ పని నేను చూసుకుంటాను అన్నారు మామయ్య. ఇంట్లోంచి తీగ లాగి కరెంటు ఇచ్చారు.

మొదటి రోజు ఆయన వ్యాను ముందు చెప్పులు విడిచారు. కాళ్లు కడుక్కున్నారు.

"బండెక్కనీకి చెప్పులెందుకు ఇడుస్తున్నవ్?" అంది అత్తమ్మ.

"నవగ్రహాల తానికి పోతున్ననే. చెప్పులతోటి పోతరా?"

"సూర్యుని దగ్గరికి పోతున్నవు గదా. మజ్జిగ తాగి పో."

ఆయన నిజంగానే మజ్జిగ తాగి ఎక్కారు. టోపీ పెట్టుకున్నారు. కాసేపటికి లోపలి నుంచి కేక. "ఏమేవ్, బొమ్మలు కనబడుతున్నయ్ గని అక్షరాలు చీమల లెక్క ఉన్నయ్. బయటి తెర మీద ఉంటయ్, జర చదువు."

అత్తమ్మకు చదువు రాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అత్తమ్మ నన్ను చూసింది.

"పోవే పిల్లా. నువ్వు చదివినవు గదా."

"నేనా? ఆయన ఎదుటికా?" అన్నాను.

"ఎదుటికేంది, ఆయనకు కండ్లు కనబడతయా ఇప్పుడు? కుండ బోర్లిచ్చుకొని కూసున్నడు. నువ్వు పోయి నిలబడ్డా గోడ నిలబడ్డా ఒకటే."

వెళ్లాను. వ్యాను మెట్టు మీద నిలబడ్డాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, తలకు ఆ నల్లటి బుర్ర తగిలించుకుని, మెల్లగా తల తిప్పుతున్నారు. నేను ఆయన్ను అంత దగ్గరగా, సూటిగా చూడటం అదే మొదటిసారి. మెడ మీద పాత కాలిన మచ్చ ఉందని అప్పుడే తెలిసింది. నన్ను ఆయన చూడలేరు. అది ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను.

బయటి తెర మీద ఎర్రటి నేల, రాళ్లు. కింద ప్రశ్న. తెరకేసి వంగి చదివాను. అది మాట్లాడటం కాదు, చదవడమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"అంగారక గ్రహం ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది? ఒకటి, అగ్నిపర్వతాల మంట వల్ల. రెండు, మట్టిలోని ఇనుము తుప్పు పట్టడం వల్ల. మూడు, ఎర్రని మేఘాల వల్ల."

"మంటనే అయి ఉంటది. ఒకటి ఒత్తుతున్న" అన్నారు ఆయన.

నేను బడిలో ఆ పాఠం చదివాను. ఆయన వేలు మీట మీదికి పోతోంది. తప్పు ఒత్తితే బండి కింద పడుతుంది.

"కాదు" అన్నాను.

వేలు ఆగింది.

"కాదు మామయ్యా. తుప్పు."

ఆయన రెండు ఒత్తారు. బండి గంట మోగించి ఇంధనం నింపుకుంది. ఆయన టోపీ తీయలేదు. తీస్తే నేను పారిపోతానని తెలుసు. అట్లాగే కూర్చుని వంటింటి వైపు కేకేశారు. "ఏమేవ్, గోడకు నోరొచ్చిందే."

ఆయనకు ఆ జవాబు ముందే తెలుసేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ప్లాంటులో ఇనుము మధ్య బతికిన మనిషికి తుప్పు రంగు తెలియదా? అడగలేదు. ఇక అడిగే వీలు లేదు. తెలిసినా తెలియకపోయినా నాకు ఒకటే.

అప్పటి నుంచి రోజూ, ఎండ ముదరకముందే మా ప్రయాణం. ఆయన టోపీలో, నేను మెట్టు మీద. ఆయన చూస్తారు, నేను చదువుతాను. మెల్లమెల్లగా చదివేది తగ్గి మాట్లాడేది పెరిగింది. శని చుట్టూ ఉన్న వలయాలు చూసి, "గింత సోకైనోడా శని. ఊకెనే బద్నాం చేసిండ్రు" అన్నారు. గురుడు పెద్ద లావుపాటివాడు, దిగడానికి నేలే లేదు. ప్లూటోను గ్రహాల్లోంచి తీసేశారని అంతకుముందు పేపర్లో వచ్చింది. మా ఆటలో మాత్రం ఇంకా ఉంది. అక్కడికి చేరినప్పుడల్లా, "ఈయన గూడ నా లెక్కనే రిటైరయిండు. పింఛను ఇస్తుండ్రో లేదో" అనేవారు.

ఒకరోజు అడిగాను. "రాహువు, కేతువు ఎక్కడ మామయ్యా?"

"వాళ్లకు ఇండ్లు లేవు బిడ్డా. నీడలు వాళ్లు."

బిడ్డా అన్నారు. గోడా అనలేదు. టోపీ తలమీదే ఉంది. నేను పమిట సర్దుకున్నాను, ఎవరూ చూడకపోయినా.

అన్నిటికంటే ఎక్కువసార్లు దిగింది అంగారకుడి మీదే. ఏదో సాకు చెప్పి బండిని అక్కడికే తిప్పేవారు. రాళ్లు ఏరాలనేవారు, కొండ ఎక్కాలనేవారు. నాకు కూడా ఆ చోటే బాగుండేది. మిగతా వాటి మీద మబ్బులు, మంటలు, చీకటి. ఇక్కడ నేల ఉంది, గుట్టలున్నాయి, పగలుంది. ఎవరి ఊరో మనకు తెలిసిన ఊరిలా అనిపించేది.

జూన్ దగ్గరపడింది. పెద్దత్తమ్మ వస్తున్నానని కబురు చేసింది. ఆ పొద్దున మామయ్య టోపీ పెట్టుకోలేదు. చేత్తో పట్టుకుని మెట్టు దగ్గర నిలబడ్డారు. ఎప్పటిలా నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ, "గోడా, ఇయ్యాల నువ్వు పో. నేను చదువుత" అన్నారు.

వద్దన్నాను. తల తిరుగుతుందన్నాను. అత్తమ్మ వచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. టోపీ బరువుగా, వేడిగా, ఆయన తలకు రాసుకునే కొబ్బరినూనె వాసనతో ఉంది. అంతా చీకటై, మెల్లగా ఎర్రటి వెలుగు వచ్చింది. నేను అంగారకుడి మీద నిలబడి ఉన్నాను. బయట తెర మీద చూడటం వేరు, ఇది వేరు. తల వంచితే కింద మట్టి. వెనక్కి తిరిగితే వెనక కూడా మట్టే.

"ఎట్లున్నది బిడ్డా?" గొంతు ఎక్కడి నుంచో వచ్చింది.

"ఎర్రగా ఉంది మామయ్యా. మిర్చి ఎత్తేశాక కల్లం ఉంటుంది చూడండి, అట్లా."

"ఎవరన్న ఉన్నరా?"

"ఎవరూ లేరు."

"మంచిగ చూడు. గుట్ట ఎనక చూడు."

"లేరు మామయ్యా. రాళ్లే ఉన్నాయి."

"ఒకసారి పిలువు."

నాకు నవ్వొచ్చింది. అయినా పిలిచాను. "ఎవరన్నా ఉన్నారా?" అత్తమ్మ పక్కన ఎక్కడో కిసుక్కున నవ్వింది. ఎవరూ పలకలేదు. చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. హాయిగా ఉంది.

టోపీ తీసేసరికి మామయ్య నా ఎదురుగా నిలబడి ఉన్నారు. నా తల మీద పమిట లేదు. సర్దుకోబోయాను.

"గాయిన ఎవరో ఎరికేనా?" అన్నారు.

"అంగారకుడు."

"అంగారకుడన్నా, మంగళుడన్నా, కుజుడన్నా ఒకడే బిడ్డా. ఇన్ని దినాలు మనం తిరిగింది గాయినింట్లనే."

చదువుకున్నవాళ్లకు ఇది నవ్వులాట కావచ్చు. నాకు అంగారకుడు బడి పుస్తకంలో బొమ్మ. కుజుడు నా జాతకంలో కూర్చున్నవాడు. ఇద్దరూ ఒక్కరేనని నాకెవరూ చెప్పలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి వ్యాను మెట్టు మీద కూలబడ్డాను. ఎన్నిసార్లు వెళ్లాను. రాళ్లు ఏరాను. మిర్చి కల్లంలా ఉందన్నాను. ఇప్పుడే గదా కేకేసి పిలిచాను.

మామయ్య నా ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నారు. మామగారు కోడలి ముందు అట్లా కూర్చోవడం నేనెక్కడా చూడలేదు.

"కుజుడు నీ ఇంట్ల కూసున్నడన్నరు. సరే. లెక్కల ఉన్నది, నేను గాదనను. నువ్వు గూడ గాయినింటికి పోయొచ్చినవు గదా. ఏమన్న అన్నడా?"

"లేదు."

"ఇన్నిమాట్ల పోతివి. ఒక్క మాటన్న అన్నడా?"

"లేదు మామయ్యా."

"కోపంతోటి ఎర్రగున్నడని అందరు అనుకుంటరు. ఎందుకు ఎర్రగున్నడో నువ్వే చెప్పితివి నాకు."

"తుప్పు" అన్నాను. అనగానే ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. రెండూ ఆగలేదు.

"అవ్. తుప్పే. గ్రహమంటే పట్టుకునేదని మా నాయన చెప్పేటోడు. మనం ఇడిస్తే గది గూడ ఇడుస్తది" అని లేచి, చెప్పులు వేసుకుని, పేపరు తెచ్చుకోవడానికి రోడ్డు మీదికి పోయారు. అత్తమ్మ లోపలికి వెళ్లి మంచం కింద సంచి లాగి, అందులోని చీరలు దండెం మీద వేసింది.

పెద్దత్తమ్మ వచ్చిన రోజు మామయ్య ఒక్కటే మాటన్నారు. "పిల్ల ఎటూ రాదక్కా. కుజునింటికే పోయొచ్చింది. ఇంకేడికి పంపుతవ్?" ఆమెకు అర్థం కాలేదు. "నీ ఇష్టంరా. రేపేమైనా అయితే నన్ననొద్దు" అని అన్నం తినకుండానే బస్సెక్కింది. నేను గోడ వెనక్కి పోకుండా, వాకిట్లో నిలబడి ఆమె పోవడం చూశాను. జూన్‌లో మా ఆయన వ్యాను బయలుదేరింది. మంగళవారమే. ఎదురొచ్చి మంచినీళ్ల సీసా ఇచ్చాను.

అతనికి ఏమీ కాలేదు. ఇరవై ఎనిమిది కూడా నిండాయి. మాకు పాప పుట్టింది. ఆ సంస్థవాళ్లు వ్యాను వెనక్కి తీసుకుపోయారు, మా ఆయన ఇప్పుడు బడి బస్సు నడుపుతున్నాడు. టోపీ పోయినా మామయ్యతో నా మాట పోలేదు. టీ ఇచ్చేటప్పుడు గడప మీద చప్పుడు చేయడం మాత్రం మానలేదు. అది మా ఇద్దరికీ అలవాటై, ముద్దయిపోయింది. సాయంత్రాలు వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చిమ్నీల వైపు చూసేవారు. ఒక్కోసారి చిమ్నీ ఎర్రదీపం పక్కనే ఇంకో ఎర్రచుక్క కనిపించేది. "ఏది మన ప్లాంటుది, ఏది మన కుజునిది, చెప్పు బిడ్డా" అనేవారు. పాపకు కూడా ఆ ఆట నేర్పారు. పాప ఎప్పుడూ దీపాన్నే చూపించేది.

అట్లాంటి మనిషి మంగళవారం పోయారు.

కర్మ రోజు చుట్టాలందరూ వసారాలో కూర్చున్నారు. సత్తుపల్లి పెద్దత్తమ్మ ముసలిదైపోయింది, తమ్ముడి కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. ఎవరో రోజు సంగతి ఎత్తారు. "మంగళవారం పోయాడు" అంది ఆమె. అని నా వైపు చూసింది. ఒక్కొక్కరే అటే చూశారు. నా చేతిలో టీ గ్లాసుల పళ్లెం ఉంది.

అత్తమ్మ ఓ మూల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అన్ని రోజులుగా నోరు విప్పలేదు. అప్పుడు విప్పింది. "వదినా, నా కోడలు గాయినింటికి పోయి వచ్చింది. నువ్వు పోయినవా ఎన్నడన్న?"

అత్తమ్మే మళ్లీ అంది. "ఆయన నెలలకు నెలలు పడుకోలే. ఆ దినం పడుకున్నడు. ఏ వారమైతే ఏందిగని, మంచివారమే."

పెద్దత్తమ్మ ముక్కు చీదుకుంది. కాసేపు నన్నే చూసింది. ఆ చూపులో కోపం కనిపించలేదు. భయంలాంటిదేదో కనిపించింది. ఒకప్పుడు నా దగ్గరున్న భయమే అది. ఆమె దగ్గర ఇంకా ఉండిపోయింది, తీసేవాళ్లు లేక.

"ఏంటే, నిజంగా వెళ్లొచ్చావా?" అంది మెల్లగా. "ఎలా ఉంటుందక్కడ?"

అంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. పళ్లెం కింద పెట్టి, ఆమె ముందు కూర్చున్నాను, ఆ రోజు మామయ్య నా ముందు కూర్చున్నట్టే.

"ఎర్రగా ఉంటుంది పెద్దత్తమ్మా. మిర్చి ఎత్తేసిన కల్లంలా. ఎవరూ ఉండరు. నేను పిలిచి కూడా చూశాను."

"మరి ఆ ఎరుపు?"

"తుప్పు."

"తుప్పా?" అంది. తర్వాత పళ్లెంలోంచి గ్లాసు తీసుకుంది. నా చేతి టీ ఆమె తాగడం అదే మొదలు.

చుట్టాలు వెళ్లిపోయారు. పొద్దు వాలింది. అలవాటు చొప్పున ఒక గ్లాసు టీ ఎక్కువ పెట్టాను. దాన్ని పారబోయడానికి చేతులు రాలేదు. తెచ్చి గడప మీద, ఎప్పటిలాగే, చిన్న చప్పుడయ్యేట్టు పెట్టాను. వసారాలో ఖాళీ కుర్చీ. దాని వెనక గోడ.

"టీ అయింది మామయ్యా" అన్నాను గోడతో.

పాప నా కొంగు పట్టుకుని చిమ్నీల వైపు చూస్తోంది. ఎర్ర దీపాలు వెలిగాయి. వాటికి కాస్త పక్కన, ఇంకా పూర్తిగా చీకటిపడని ఆకాశంలో, ఒక చుక్క. పాప చెయ్యెత్తింది. ఈసారి దీపాన్ని చూపించలేదు.